సన్నటి మ్యాట్ పౌచ్: ఏడాదికి పైగా వాడాక

రెండొందల లోపు దొరికే సన్నటి పౌచ్ (బ్యాక్ కవర్) ఫోన్‌ని కాపాడుతుందా అంటే, కాపాడుతుంది. అయితే కొనేటప్పుడు చూడాల్సింది వీపు మందం కాదు, అంచులూ మూలలూ. మెరుపు లేని నల్లటి మ్యాట్ టీపీయూ (మెత్తగా వంగే ప్లాస్టిక్) పౌచ్‌ని ఏడాదికి పైగా రోజూ వాడుతున్నాను. దానికి ముందు ట్రాన్స్‌పరెంట్‌వీ, హార్డ్ కేసులూ వాడాను. మళ్లీ కొనాల్సి వస్తే ఈ మ్యాట్‌దే కొంటాను.

ఫోన్ చేయి జారితే చాలాసార్లు ముందు నేలకు తగిలేది మూలే. దెబ్బంతా ఆ కాస్త చోట పడి, పగులు అక్కణ్ణుంచే పాకుతుంది. అందుకే వీపు ఒక మిల్లీమీటరు ఉన్నా ఫర్వాలేదు గానీ నాలుగు మూలలూ దళసరిగా ఉండాలి. స్క్రీన్ చుట్టూ, కెమెరా చుట్టూ అంచు లేచి ఉండాలి. దీన్ని దుకాణంలోనే తేల్చుకోవచ్చు. పౌచ్ తొడిగి, ఏటీఎం కార్డును పొడవు అంచు మీద నిలబెట్టి స్క్రీన్‌కి అడ్డంగా ఆనించండి. కార్డు రెండు పక్కలా పౌచ్ అంచుల మీదే ఆగాలి. మధ్యలో కార్డుకీ అద్దానికీ నడుమ విజిటింగ్ కార్డు దూరితే అంచు బాగున్నట్టే. కెమెరా మీద కూడా కార్డు పరిచి చూడండి, లెన్స్‌కి తగలకూడదు.

ఈ పరీక్షంతా టెంపర్డ్ గ్లాస్ వేయించాకే చేయాలి. గ్లాసు మందం అంచు ఎత్తులో కొంత తినేస్తుంది. పైగా పౌచ్ మరీ బిగువుగా ఉంటే గ్లాసు అంచుల్ని పైకి నెడుతుంది, కొద్ది రోజుల్లోనే పక్కల్లో తెల్లటి గాలి గీత కనిపిస్తుంది. గ్లాసు బాగాలేదని మళ్లీ మళ్లీ మార్పిస్తుంటారు, తప్పు పౌచ్‌ది.

ట్రాన్స్‌పరెంట్ టీపీయూ కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరుగుతుంది. అది మురికి కాదు. ఎండకీ వేడికీ ఆ ప్లాస్టిక్కే లోపల మారిపోతుంది కాబట్టి సబ్బు పెట్టినా, టూత్‌పేస్ట్ రుద్దినా, వంటసోడా పూసినా తెల్లబడదు. ఫోన్ రంగు కనపడాలనుకుంటే లోపలివైపు సన్నటి చుక్కలున్నది తీసుకోండి, లేకపోతే అద్దపు వీపుకి అతుక్కుని తడి మరకల్లా కనిపిస్తుంది. ఫ్లాష్ పక్కనే పారదర్శకపు అంచు ఉంటే రాత్రి ఫొటోల మీద తెల్లటి పొర వస్తుంది, కెమెరా చుట్టూ నల్ల అంచున్నవాటిలో ఆ బాధ తక్కువ. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ హార్డ్ కేసు వీటన్నిటికంటే సన్నగా ఉంటుంది గానీ బటన్ల దగ్గరి మూలలో పగులుతుంది, దెబ్బనీ పెద్దగా మింగదు. సిలికాన్ చేతికి మెత్తగా బాగుంటుంది, జేబులోని నూలుపోగులన్నీ దానికే అంటుకుంటాయి.

మ్యాట్‌కీ లోపముంది. అరచేయి ఒరుసుకునే కింది మూలలు నున్నబడి మెరుస్తాయి. చూపుకే తేడా, పట్టు తగ్గలేదు.

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లోనో కొంటే బేరం తప్పదు, మోడల్ పేరు మాత్రం పూర్తిగా చెప్పండి. రెడ్‌మీ నోట్ 13, 13 ప్రో, 13 ప్రో ప్లస్ వినడానికి ఒకటే, పౌచ్‌లు మూడూ వేరు. అనుమానముంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి చూపించండి. డబ్బులిచ్చే ముందు పవర్, వాల్యూమ్ బటన్లు తేలిగ్గా నొక్కుకుంటున్నాయా, మీ ఛార్జర్ పిన్ పూర్తిగా లోపలికి దిగుతోందా చూసుకోండి. లావు పిన్ను ఇరుకు కంతలో సగమే కూర్చుని ఛార్జింగ్ ఆగి ఆగి ఎక్కుతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ వాడేవాళ్లు వెనక వేలు దూర్చే లోహపు రింగున్న పౌచ్ జోలికి పోవద్దు.

మన రోడ్ల దుమ్ము పౌచ్ అంచుల్లోంచి లోపలికి చేరుతుంది. ఆ ఇసుక రేణువులే ఫోన్ వీపుని గీస్తాయి, పౌచ్ ఉన్నా గీతలెలా పడ్డాయని ఆశ్చర్యపోయేది ఇందుకే. వారానికోసారి తీసి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి. వానలో తడిస్తే ఇంటికి రాగానే తీసేయండి, నీళ్లు రెండింటి మధ్య నిలిచిపోతాయి. మే నెలలో బైక్ హోల్డర్లో మ్యాప్ పెట్టుకుని తిరిగేటప్పుడు మరీ జాగ్రత్త. ఐఫోన్లకి ఆపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు, ఇక్కడి ఎండ 40 దాటుతుంది. ఆ ఎండలో ఛార్జింగ్ పెట్టొద్దు. ఫోన్ చురుక్కుమంటే నీడకు చేర్చి పౌచ్ విప్పేయండి.

టీపీయూ ముందుగా పాడయ్యేది ఛార్జింగ్ కంత దగ్గర. అక్కడి పట్టీ సన్నం, ఊరికే లాగితే సాగుతుంది, చివరికి తెగుతుంది. అందుకని విప్పేటప్పుడు కెమెరా వైపు పై మూల నుంచి మొదలుపెట్టండి. తొడిగేటప్పుడు కింది వైపు ముందు కూర్చోబెట్టి పైమూలలు నొక్కండి. కింది అంచుని బొటనవేలితో మెల్లగా తోసినా ఫోన్ మీంచి జారిపోతోందంటే పౌచ్ పని అయిపోయినట్టే. కింద పడ్డప్పుడు ఊడిపోయే పౌచ్ మూలని కాపాడలేదు, మార్చేయండి.