యమహా డీటీ-1 (1968–71): బాగుచేసుకోవడానికి ఎలాంటి బండి?

డీటీ-1 అనే ఈ పాత మట్టిదారి మోటారుసైకిలు కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా కిక్కు మీద కాలు పెడతారు. ఇంజను తిరిగితే సంతోషం, పట్టేసి ఉంటే బేరం. నిజానికి ఈ బండిలో ఆఖరున చూడాల్సింది ఇంజనునే. 246 సీసీ, ఒకే సిలిండరు, గాలితో చల్లబడే టూ స్ట్రోకు. వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు. పిస్టను, రింగులు, బేరింగులు, సీళ్లు కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. ఆర్‌ఎక్స్ 100 ఇంజను విప్పిన చేతికి ఇందులో కొత్తేమీ కనిపించదు, రీడ్ వాల్వు (కార్బరేటరు నుంచి వచ్చిన మిశ్రమం వెనక్కి పోకుండా ఆపే పలచటి రేకు తలుపు) లేకపోవడం తప్ప. దొరకనివి వేరే ఉన్నాయి: అసలు ట్యాంకు, సైడ్ కవర్లు, ఆయిలు ట్యాంకు, సైలెన్సరు, మీటర్లు. ఇవి ఉన్న బండి ఇంజను పట్టేసి ఉన్నా తీసుకోవచ్చు. ఇవి లేని బండి ఎంత చక్కగా స్టార్టయినా ఆలోచించాల్సిందే.

1967 టోక్యో మోటార్ షోలో చూపించి, 1968 మోడలుగా అమ్మకానికి పెట్టిన బండి ఇది. అప్పటిదాకా మట్టిదారి బండ్లుగా అమ్మినవి చాలావరకు రోడ్డు బండ్లే, సైలెన్సరు పైకి ఎత్తి కట్టడమే తేడా. డీటీ-1ను మొదటినుంచీ మట్టి కోసం గీశారు. బోరు 70 మి.మీ., స్ట్రోకు 64 మి.మీ., అయిదు గేర్లు, 26 మి.మీ. మికుని కార్బరేటరు, ముందు 3.25-19 టైరు, వెనక 4.00-18. పెట్రోలులో ఆయిలు కలిపే పని లేకుండా ఆటోలూబ్ పంపు. తర్వాతి మార్పులు డీటీ-1బి, సి, ఇ పేర్లతో వచ్చాయి. 1972లో వచ్చిన డీటీ2కి రీడ్ వాల్వు పెట్టారు.

గుర్తుపట్టడంలో జరిగే మొదటి పొరపాటు దీని చెల్లెళ్లతో, అంటే యమహావే వేరే సైజు బండ్లతో: ఏటీ1 (125 సీసీ), సీటీ1 (175), ఆర్‌టీ1 (360). అన్నీ ఒకే పోలిక, ఫోటోలో చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. అందుకే ఫోటో కాదు, నంబరు చూడాలి. హ్యాండిలు తిరిగే మెడ గొట్టం మీద ఛాసిస్ నంబరు, క్రాంకుకేసు మీద ఇంజను నంబరు ఉంటాయి. రెండూ డీటీ1 అక్షరాలతో మొదలవ్వాలి. ఆ కాలపు యమహాలకు ఫ్యాక్టరీలో రెండు నంబర్లూ ఒకటే కొట్టేవారు కాబట్టి, అంకెలు కలవలేదంటే ఇంజను మారినట్టే. మారితే బండి పనికిరాదని కాదు, ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి. నంబరు దగ్గర రుద్దిన గీతలు, పుట్టీ, అక్కడొక్కచోటే మందంగా పెయింటు కనిపిస్తే బేరం వదిలేయండి. కాగితాల తంటా ఏ పానాతోనూ విప్పలేం.

రెండో గుర్తు విడిభాగాల నంబర్లు. యమహా పార్టు నంబరులో మొదటి మూడంకెలు ఆ భాగం ఏ మోడలు కోసం పుట్టిందో చెబుతాయి. మొదటి డీటీ-1ది 214. పాత ప్యాకెట్ మీద ఈ అంకె ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. వేరే అంకె ఉన్నంత మాత్రాన తప్పనుకోనక్కర్లేదు, ఒక మోడలు భాగాన్ని ఇంకో మోడలుకు వాడటం వాళ్లకు మామూలే. పార్టుల పుస్తకం తెరిచి చూసుకోవాలి. మూడో గుర్తు కార్బరేటరు వెనక ఉంటుంది. కార్బరేటరుకీ సిలిండరుకీ మధ్య రీడ్ బ్లాకు కనిపిస్తే అది డీటీ-1 సిలిండరు కాదు. డీటీ-1లో పెట్రోలు దారిని తెరిచేదీ మూసేదీ పిస్టను అంచే. పెద్ద కార్బరేటరు, వేరే హెడ్డు, ఎక్స్‌పాన్షన్ చాంబరు (రేసు సైలెన్సరు) కలిసి కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. యమహాయే అమ్మిన జీవైటీ రేసు కిట్టు అయ్యుండొచ్చు. కిట్టు నిజమైనదైతే అది లోపం కాదు, లాభం.

ఇక రేకు సంగతి. ట్యాంకు లోపల టార్చి వేసి చూడండి. పైపైన ఎర్రటి పొడి ఉంటే భయం లేదు. పెచ్చులు ఊడుతుంటే, అడుగున సూదిమొన చిల్లులుంటే పని పెద్దది. తుప్పు వదిలించడానికి ఎలక్ట్రాలిసిస్ నెమ్మదిదే కానీ నమ్మకమైనది. ట్యాంకు నిండా నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలపాలి. బ్యాటరీ ఛార్జరు నెగటివ్ ట్యాంకుకు, పాజిటివ్ మధ్యలో వేలాడే మామూలు ఇనప కడ్డీకి. కడ్డీ ట్యాంకుకు తగలకూడదు. స్టెయిన్‌లెస్ కడ్డీ అసలు వాడొద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. వచ్చేది హైడ్రోజన్ కాబట్టి పని ఆరుబయట జరగాలి, నిప్పు దగ్గరికి రాకూడదు. పాత యజమాని లోపల లైనింగు పోయించి ఉంటే అదే అసలు తలనొప్పి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తగిలితే పాత లైనింగు మెత్తబడి జిగురులా సాగి కార్బరేటరు జెట్లలో (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల్లో) చేరుతుంది. దాన్ని పూర్తిగా తీసేయకుండా పైన కొత్త పూత వేస్తే ఆరునెలల్లో రెండూ కలిసి ఊడతాయి. చిల్లు లేని ట్యాంకుకు లైనింగే అక్కర్లేదన్నది మా అభిప్రాయం.

సైలెన్సరు బయట తుప్పు కన్నా లోపలి మసే ఎక్కువ దెబ్బ తీస్తుంది. మసి పట్టిన చాంబరుతో పికప్ చచ్చిపోతుంది, దానికి కార్బరేటరును తిట్టుకుంటూ నెలలు గడిపేవాళ్లున్నారు. కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే ఇనప చాంబరు శుభ్రపడుతుంది. అదే ద్రావణం అల్యూమినియం మీద పడితే భాగాన్ని తినేస్తుంది, కాబట్టి హెడ్డు, సిలిండరు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి.

విప్పే ముందు ఒక సంగతి. పాత జపాన్ బండ్ల స్క్రూలు మామూలు ఫిలిప్స్ కావు, జేఐఎస్ అనే వేరే ప్రమాణం. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవరు పెడితే మొన పూర్తిగా కూర్చోదు, తిప్పగానే పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ బిట్టు, చేత్తో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు, నాలుగు చుక్కలు పెనెట్రేటింగ్ ఆయిలు ఉంటే సైడు కవరు స్క్రూలు చాలావరకు నిశ్శబ్దంగా వస్తాయి. కొన్నవాడికి ముందున్న మేస్త్రీ వాటి బదులు అలెన్ బోల్టులు వేసి ఉంటే అది నేరమేమీ కాదు, ప్రదర్శనకు పెడితే మార్కులు పోతాయంతే.

పట్టేసిన ఇంజనును కిక్కుతో ఊపొద్దు, కిక్ గేరు పళ్లు పోతాయి. ప్లగ్గు తీసి పెనెట్రేటింగ్ ఆయిలు పోసి రెండు మూడు రోజులు ఉంచి, హెడ్డు విప్పి, పిస్టను మీద చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి. బోరు కొట్టించేటప్పుడు, అంటే అరిగిన సిలిండరు లోపలి గోడను కాస్త పెద్దగా చెక్కించేటప్పుడు, కొత్త పిస్టను చేతికొచ్చాకే సిలిండరును ఇవ్వాలి. పెద్ద సైజు పిస్టన్లు 0.25 మి.మీ. మెట్లుగా వస్తాయి: 70.25, 70.50, అలా. పిస్టనుకూ బోరుకూ మధ్య సందు సుమారు 0.04 మి.మీ., రింగు కొసల మధ్య సందు 0.2 నుంచి 0.4 మి.మీ. చాలా లేత్ పనివాళ్లు మరిచిపోయేది ఒకటుంది: బోరు కొట్టాక పోర్టుల (సిలిండరు గోడలోని రంధ్రాల) అంచులు కత్తిలా తయారవుతాయి. ఈ సిలిండరులో ప్రధాన ట్రాన్స్‌ఫర్ పోర్టుల పక్కన అదనంగా రెండు పోర్టులున్నాయి కాబట్టి అంచులూ ఎక్కువే. వాటిని కాస్త మొద్దుబార్చకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. పిస్టను మీది బాణం ఎగ్జాస్టు వైపు ఉండాలి, రింగు కొసలు పిన్నుల దగ్గర సరిగ్గా కూర్చోవాలి.

క్రాంకు సంగతి కనెక్టింగ్ రాడ్డు చెబుతుంది. పైకీ కిందికీ లాగితే కదలిక అసలు తెలియకూడదు. పై కొసను పక్కలకు ఊపితే 0.8 నుంచి 1 మి.మీ. దాకా ఉండొచ్చు, 2 మి.మీ. దాటితే బిగ్ ఎండ్ (రాడ్డు కింది కొస బేరింగు) మార్చాల్సిందే. తిరిగి జత చేశాక క్రాంకు వంకర 0.03 మి.మీ. లోపు ఉండాలి.

ఈ బండిని ఎక్కువగా చంపేవి క్రాంకు సీళ్లు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. ఎడమవైపు మాగ్నెట్ దగ్గరి సీలు పోతే గాలి లోపలికి చొరబడి మిశ్రమం పలచనవుతుంది. యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం దిగదు, ఆ తర్వాత పిస్టను పట్టేస్తుంది. కుడివైపు క్లచ్ దగ్గరి సీలు పోతే గేరు ఆయిలు ఇంజనులోకి వెళ్లి తెల్లటి పొగ వస్తుంది, గేర్‌బాక్సులో మట్టం తగ్గుతూ ఉంటుంది. ఇంజను బిగించాక ఎగ్జాస్టు, ఇన్‌టేక్ రబ్బరు బిరడాలతో మూసి, ఆరు పీఎస్ఐ గాలి పట్టించి ఆరు నిమిషాలు చూడాలి. నిమిషానికి ఒక పీఎస్ఐ కన్నా ఎక్కువ దిగితే సబ్బునీళ్లు పూసి బుడగలెక్కడో వెతకాలి: మాగ్నెట్ సీలు, బేస్ గ్యాస్కెట్, హెడ్డు, కేసు అతుకు. అరగంట పని. దీన్ని ఎగ్గొట్టి కార్బరేటరు ట్యూనింగు మొదలుపెట్టినవాళ్లు మళ్లీ బోరు కొట్టిస్తారు.

ఆటోలూబ్ పంపును పీకేసి పెట్రోలులో ఆయిలు కలుపుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. పంపు పాడైపోవడం అరుదు. పాడయ్యేవి పైపులు, సిలిండరులోకి ఆయిలు వెళ్లేచోట ఉండే చెక్ వాల్వు. ఆ వాల్వు మూసుకోకపోతే బండి నిలబడ్డప్పుడు ట్యాంకులో ఆయిలంతా క్రాంకుకేసులోకి దిగిపోతుంది. యాక్సిలరేటరు కేబులుతో పంపు కప్పీ మీది గుర్తు కలవాలి, తర్వాత పంపు కనీస స్ట్రోకు 0.20 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉందో లేదో ఫీలర్ గేజితో చూడాలి, తేడా ఉంటే షిమ్ముతో (పలచటి వాషరుతో) సరిచేయాలి. బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా పంపును చేత్తో తిప్పాలి. మొదటి ట్యాంకుకు మాత్రం పంపు పనిచేస్తున్నా పెట్రోలులో నలభైకి ఒక వంతు ఆయిలు కలపండి. పొగ వస్తుంది, రానివ్వండి.

కరెంటు 6 వోల్టులు. పాయింట్ల (ప్లగ్గులో నిప్పు పడే క్షణాన్ని నిర్ణయించే స్విచ్చు) సందు 0.30 నుంచి 0.40 మి.మీ., నిప్పు పడాల్సింది పిస్టను పూర్తిగా పైకి చేరడానికి 3.2 మి.మీ. ముందు. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి పెట్టి కొలవడమే పద్ధతి. పాయింట్లు తెరుచుకునే క్షణాన్ని మామూలు బల్బుతో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మాగ్నెట్ కాయిల్ ఎప్పుడూ ఎర్తుతో కలిసే ఉంటుంది. తక్కువ ఓములు చూపించే మీటరో, బజరో కావాలి. వేడెక్కాక మిస్సింగ్ వస్తే ముందు కండెన్సరు మార్చండి. లైటు బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే వాటేజీ చూడండి. వోల్టేజీని అదుపులో పెట్టేది ఆ బల్బులు లాగే కరెంటే, తక్కువ వాట్ల బల్బు వేస్తే మిగతావీ పోతాయి.

కార్బరేటరు విషయంలో ఒకటే మాట. పైలట్ జెట్టు రంధ్రంలో తీగ దూర్చొద్దు, అల్ట్రాసోనిక్ స్నానం చేయించండి. లోపల స్లైడు అరిగి టకటకలాడుతుంటే కొత్త మికుని కార్బరేటరు పెట్టుకోవడం మేలు. చవక నకళ్లలో జెట్టు మీద అంకె ఒకటి, రంధ్రం ఒకటి.

ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయిస్తే ముందే బేరింగు గుంటలు, ఇంజను బోల్టుల చోట్లు, ఎర్తు తగిలే చోటు మూయించాలి. స్వింగార్మ్ బుష్షులు, ఫోర్కు సీళ్లు, చక్రాల బేరింగులు ఎలాగూ మార్చేవే.

ఇంత చేశాక బండి ఎలా నడుస్తుంది? మెత్తగా, కింద నుంచే లాగుతూ. ఎత్తు తక్కువ, బరువు తక్కువ, ఇరుకు దారిలో ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. బ్రేకులు రెండూ డ్రమ్ములే, నీటిలో దిగి లేచాక రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి. ఇప్పటి బండిలా గాల్లోకి లేపితే సస్పెన్షన్ అడుగంటా కొట్టుకుంటుంది. వేగం కోసం చూసేవాళ్లు, మోటోక్రాస్ పోటీకి దిగేవాళ్లు వేరే బండి చూసుకోవడం మంచిది. మొదటిసారి పాత బండి విప్పబోయేవాళ్లకు, రేకు మొత్తం ఉండి నంబర్లు కలిస్తే, ఇంతకన్నా ఓపికైన బండి దొరకడం కష్టం. మొదటి పరుగు ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. పూర్తిగా చల్లారనిచ్చి హెడ్డు నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించి, ప్లగ్గు తీసి చూడండి. ఇటుకపొడి రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఏదైనా సరే. తెల్లగా ఉంటే ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా మళ్లీ గాలి పరీక్ష పెట్టండి.