చింతచెట్టు కోసమైనా వెళ్లదగిన యాత్ర: నల్గొండ నుంచి ఒక్క రోజు హైదరాబాద్

మా ఊళ్లోని ఒక ట్రావెల్స్ వారు హైదరాబాద్ చరిత్ర చూపిస్తామంటూ నడిపే మినీబస్సు యాత్రకు గత ఆదివారం నేను, మా అమ్మ వెళ్లి వచ్చాము. తెల్లవారుజామున ఆరింటికి గడియారం సెంటర్లో ఎక్కించుకున్నారు. మనిషికి 900 రూపాయలు, భోజనం అందులోనే. టిక్కెట్లు మాత్రం ఎక్కడికక్కడ మనమే కొనుక్కోవాలన్న సంగతి గోల్కొండ గేటు ముందు దిగాకే చెప్పారు.

కోటలో గైడు చప్పట్లు కొట్టించడం ఎవరైనా చేసేదే గాని, 1687లో ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట లోపలివారే తలుపు తీయడంతో ఔరంగజేబు వశమైన వైనాన్ని మాత్రం చక్కగా చెప్పాడు. అక్కడి నుంచి నేరుగా 1908 మూసీ వరదలోకి దూకడం నాకు నచ్చలేదు. కుతుబ్‌షాహీల తర్వాత మొఘల్ సుబా (రాష్ట్రం) కేంద్రంగా మిగిలిన ఈ నగరం, నిజాం అలీ ఖాన్ 1763లో ఔరంగాబాద్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చడం వల్లనే మళ్లీ ఒక రాజ్యానికి తలకాయ అయింది. ఆ ముక్క చెప్పకుండా నిజాంల ప్యాలెస్ చౌమహల్లా చూపించి ప్రయోజనమేమిటి? 1857 జూలై 17న తిరుగుబాటుదారు తుర్రేబాజ్ ఖాన్ బృందం దాడి చేసిన, అప్పటి బ్రిటిష్ రెసిడెంటు నివాసమైన కోఠీ రెసిడెన్సీని బస్సు కిటికీలోంచే చూశాము. చార్మినార్‌కు దక్కింది ఇరవై నిమిషాలు.

ఈ లోపాలన్నీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర మరచిపోయాను. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడి వేలమందిని మింగిన నాడు, ఈ కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది బతికారని గైడు గొంతు తగ్గించి చెబుతుంటే, మా అమ్మ బొడిపెలు కట్టిన ఆ మొద్దును అరచేత్తో నిమిరి, “ఈ నీళ్లేనా బిడ్డా మన వాడపల్లి దాకొచ్చేది?” అని అడిగింది. “అవునమ్మా, అక్కడ కృష్ణలో కలిసేది ఈ మూసీనే” అన్నాడతను. ఆ వరద తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారనీ, 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయనీ నడుస్తూనే వివరించాడు. అక్కడ మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు.

బస్సులో వెనుక సీట్లకు ఏసీ గాలి అందదు, ముందువి అడిగి తీసుకోండి. శుక్రవారం బండికి మాత్రం వెళ్లకండి, ఆ రోజు చౌమహల్లా మూసి ఉంటుంది.