మామిడి మొద్దు మీద పుట్టగొడుగులు: ఎండాకాలం గట్టెక్కితేనే

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే: పుట్టగొడుగు విత్తనం (స్పాన్) ఒక్కసారి పెడితే చాలు. వరిగడ్డి నింపి పెంచే సంచి రెండు మూడు కోతలకే అయిపోతుంది, మళ్లీ గడ్డి ఉడకబెట్టాలి, మళ్లీ నింపాలి. మొద్దు అలా కాదు, లోపల కట్టె ఉన్నంతకాలం కాస్తుంది. కాకపోతే తిరుపతిలో ఏప్రిల్, మే దాటించాలి. కష్టమంతా అక్కడే.

తోతాపురి కోతలయ్యాక చిత్తూరు తోటల్లో కొమ్మలు కొట్టేటప్పుడు అడిగితే కట్టె దొరుకుతుంది. అయిదారు అంగుళాల లావు, మూడడుగుల పొడవు, బెరడు ఎక్కడా లేవని పచ్చి కొమ్మ కావాలి. సొన ఒంటికి పడకుండా చూసుకోండి, బొబ్బలొస్తాయి. రెండు మూడు వారాల్లోపే విత్తనం పెట్టాలి, లేదంటే వేరే బూజు ముందే ఎక్కేస్తుంది. శేషాచలం అడవిలోంచి కట్టె తెచ్చే ఆలోచనే వద్దు.

ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకానికి జొన్న గింజల మీద పెంచిన విత్తనమే సులువుగా దొరుకుతుంది. 12 మిల్లీమీటర్ల బిట్‌తో అంగుళంపావు లోతు రంధ్రాలు వేయాలి. వరుసలో ఆరంగుళాలకు ఒకటి, వరుసకీ వరుసకీ రెండంగుళాలు, పక్క వరుస రంధ్రాలు ఎదురెదురుగా రాకూడదు. విత్తనం కూరి, పైన మైనం పోయాలి. ఒట్టి కొవ్వొత్తి మైనం పెళుసు, మొద్దు ఎండేకొద్దీ పెచ్చులూడుతుంది. ఊడిన చోట చీమలు దూరి జొన్నలన్నీ మోసుకెళ్తాయి. తేనెమైనం సగానికి సగం కలిపితే నిలుస్తుంది.

ఇక ఎండాకాలం. కట్టెలో తేమ 35 నుంచి 45 శాతం ఉండాలి, 30 కంటే దిగితే విత్తనంలోంచి కట్టెలోకి పాకిన తెల్లదారాలు చచ్చిపోతాయి. నీరు బెరడులోంచి కంటే కోసిన రెండు కొసల్లోంచే ఎక్కువ పోతుంది. కొస మీద నడిమి నుంచి అంచులకు పగుళ్లు పాకాయంటే మొద్దు ఎండుతున్నట్టే. విత్తనం పెట్టిన రోజే తూచి బరువు సుద్దతో కొస మీదే రాసేయండి. అయిదోవంతు తగ్గితే ఒక రాత్రి నీళ్లలో ముంచాలి. రెండు రోజులు మించితే గాలాడక దారాలు కుళ్లుతాయి. కొళాయి నీళ్లైతే ముందురోజే పట్టి, క్లోరిన్ పోయేలా తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ నిలుస్తుంది నిజమే, కానీ ఆ ఉడుకుకు ఆకుపచ్చ బూజు వస్తుంది. తడి గోనెసంచి మేలు. అన్నిటికంటే పనికొచ్చింది ఇసుక: సిమెంటు తొట్టిలో ఇసుక పోసి, మొద్దును మూడోవంతు పాతి నిలబెట్టి, రోజూ ఇసుకను తడపాలి. నేలలో పాతితే చెదలు వదలవు.

ఇంత చేసినా మే చివరికి చూస్తే పొయ్యిలోకి తప్ప పనికిరాని కట్టెలాగే ఉంటుంది. పారేయకండి! నవంబరు ముసురు పట్టి రెండు రోజులు వదలకుండా కురిశాక, మైనం అంచుల్లో ఆవగింజలంత మొటిమలు లేస్తాయి. నాలుగైదు రోజుల్లో అరచేయంత గుత్తులు. ముంచకుండా, కదపకుండా అంత కాపు రావడం నేనూహించలేదు. అంచులు పైకి తిరగకముందే కోయాలి. వేరే రంగు, వేరే ఆకారంలో ఏది మొలిచినా అది మీరు పెట్టిన విత్తనం కాదు, తినొద్దు.

కట్టె ఉన్నంతకాలం అన్నాను కదా, మామిడి మెత్తటి కట్టె, రెండు మూడేళ్లకు బెరడు ఊడిపోతుంది. మొదటి కాపుకే ఆరు నెలలు పైన పడుతుంది. వారం వారం కూరకు కావాలంటే గడ్డి సంచే నయం. షిటాకే అనే ఇంకో పుట్టగొడుగు రకానికి చల్లదనం కావాలి, పలమనేరు, కుప్పం వైపు చలికాలంలో ప్రయత్నించొచ్చేమో గానీ తిరుపతిలో నేను సలహా ఇవ్వను.

మాకు పెరట్లో జామచెట్టు నీడ, బావి ఉన్నాయి కాబట్టి నేను పెట్టిన నాలుగు మొద్దులూ నిలబడ్డాయి. రేకుల మేడ మీద, ట్యాంకర్ నీళ్లతో బతికే ఇంట్లోనైతే ఒక్క మొద్దుతో మొదలుపెట్టి, ఒక వేసవి చూశాకే రెండోది కొట్టించండి.