మోయాబ్ రాతి మీద లాకర్, ఇమోజీన్ బురదలో వించ్

రాతి, బురద దారుల్లో తిరగడానికి నా టయోటా టకోమా పికప్ ట్రక్కుకి మొదట ఏది వేయించాలి, వెనక ఇరుసుకి లాకరా, ముందు బంపర్‌కి వించా అని ఇంట్లో చాలాకాలం చర్చ నడిచింది. లాకర్ అంటే ఇరుసుకి రెండు వైపులా ఉన్న చక్రాలు ఒకే వేగంతో తిరిగేలా కట్టిపడేసేది. వించ్ అంటే తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు. లాకర్ కొని బిగించుకుంటే రెండు వేల డాలర్ల దాకా అవుతుంది. మంచి వించ్ వెయ్యి డాలర్లకు అటూఇటూ, దాన్ని మోసే ఉక్కు బంపర్ ఖర్చు వేరే. చివరికి వించ్ వేయించాను. మా బావది జీప్ రాంగ్లర్ రూబికాన్. దానికి ముందూ వెనకా లాకర్లు కంపెనీ నుంచే వస్తాయి, వించ్ మాత్రం లేదు. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) సెలవులకి రెండు కుటుంబాలం ఆ రెండు బళ్లలో ముందు యూటాలోని మోయాబ్‌కి, అక్కణ్ణుంచి కొలరాడోలోని యూరేకి వెళ్లాం.

మోయాబ్‌లో మోటెల్ గదుల రేట్లు సెలవుల్లో మండిపోతాయి. వసంతంలో ఈస్టర్ జీప్ సఫారీ అనే జీపుల జాతర జరిగే వారమైతే (1967 నుంచీ జరుగుతోంది) ఊళ్లో గది దొరకడమే కష్టం. మేం ఊరి బయట శాండ్ ఫ్లాట్స్ అనే చోట టెంట్లు వేశాం. అక్కడ నీళ్లుండవు, అన్నీ ఊళ్లోనే నింపుకుని వెళ్లాలి. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే హెల్స్ రివెంజ్ అనే రాతి జీప్ దారి పక్కనే మొదలవుతుంది. ఎండ ముదరకముందే బండెక్కొచ్చు.

ఆ దారంతా నవాజో ఇసుకరాయి. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించితే రబ్బరు రాయిని గట్టిగా పట్టుకుంటుంది. ఇబ్బందల్లా మెట్లతోనే. ఒక మెట్టు దగ్గర నా బండి ముందు ఎడమ చక్రం గాల్లోకి లేచింది. వెనక కుడి చక్రం అక్కడే గిర్రున తిరుగుతూ రాయి మీద నల్లటి చార గీసింది, రబ్బరు కాలిన వాసన. మామూలు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె) రెండు చక్రాలకూ సమానంగానే బలం పంపుతుంది. పట్టులేని చక్రం ఎంత తీసుకోగలదో, పట్టున్న చక్రానికీ అంతే దక్కుతుంది. నా బండిలో బ్రేకులతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కానీ, అది చక్రం జారడం మొదలయ్యాకే మేలుకుంటుంది. ఈలోపు బండి ఎగిరిపడి పక్కకి జరుగుతుంది. పిల్లలు లోపల ఉన్నప్పుడు ఆ ఎగురుడు నాకు నచ్చదు.

బావ అదే మెట్టు దగ్గర ఆగి, లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లలో) వెనక లాకర్ బటన్ నొక్కాడు. రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగి, మనిషి నడిచే వేగంలో జీప్ పైకొచ్చేసింది. ముందు లాకర్ వాడనే లేదు. అది వేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది, మలుపుల్లో నరకం.

మరి నా వించ్? ఆ నున్నటి రాతి గుట్టల మీద దాన్ని కట్టడానికి చెట్టు లేదు, తాడు చుట్టదగ్గ బండరాయీ లేదు. ఇంకో బండి ఉంటేనే పనికొస్తుంది. ఒంటరిగా వెళ్లేవాడికి ఇక్కడ వించ్ అంటే ముందు స్ప్రింగుల మీద మోత బరువే. నా లెక్కలో మోయాబ్ పూర్తిగా లాకర్ రాజ్యం.

యూరే సంగతి వేరు. మూడు గంటల ప్రయాణంలో ఎర్రరాయి పోయి పచ్చటి కొండలొచ్చాయి. ఊళ్లో దిగిన చిన్న మోటెల్ శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ల కొలను దగ్గరే. అక్కడ జీపులు అద్దెకీ దొరుకుతాయి. ఏ దారుల్లోకి వెళ్లనిస్తారో ఒప్పందంలో ముందే చదువుకోండి, కొన్ని దారులకి ఒప్పుకోరు. కుటుంబంతో రెండింట్లో ఒక్కచోటే ఉండాలంటే నేను యూరేకే వెళ్తాను.

యూరే నుంచి టెలురైడ్ ఊరికి వెళ్లే కొండ కనుమ ఇమోజీన్ పాస్, ఎత్తు 13,114 అడుగులు. పైన పులిహోర తిని టెలురైడ్ వైపు దిగుతుంటే మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆ కొండల్లో వేసవి వానలు మధ్యాహ్నమే వస్తాయి కాబట్టి పొద్దున్నే దాటేయడం మంచిది. టామ్‌బాయ్ గని శిథిలాలు దాటి చెట్లలోకి వచ్చాక, దారి లోయవైపు వాలిన చోట బురద. బావ లాకర్ వేసుకునే దిగుతున్నాడు. లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదులుతాయి, అప్పుడు బండి వాలున్న వైపుకే జారుతుంది. జీప్ వెనక భాగం మెల్లగా అంచు వైపు జరిగింది. "బావా, యాక్సిలరేటర్ వదిలెయ్, కదలకు!" అని అరిచాను.

అందర్నీ తాడు పొడవుకన్నా దూరంగా నిలబెట్టాం. కొండవైపున్న స్ప్రూస్ చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి, దానికి కప్పీ తగిలించి, నా వించ్ తాడు దాని మీదుగా జీప్ వెనక హుక్‌కి వేశాను. తెగితే ఎగిరి కొట్టకుండా తాడు మీద తడి దుప్పటి కప్పాను. నా చక్రాల ముందు రాళ్లు పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, రిమోట్ కొద్దికొద్దిగా నొక్కాను. జీప్ వెనక భాగం అంగుళం అంగుళంగా కొండవైపు వచ్చేసింది. ఆ చోట ఎన్ని లాకర్లున్నా ఈ పని కాదు. సాయానికి ఎవరినైనా పిలుద్దామన్నా, మామూలు రోడ్డు సాయం పథకాలు ఇలాంటి దారులకి చాలావరకు వర్తించవు. ప్రైవేటు వాళ్లు రావాలంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే.

ఒంటరిగా బురద, మంచు, అడవి దారులు తిరిగేవాళ్లు మొదట వించే కొనండి. బండి పూర్తి లోడు బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోండి. కంపెనీ చెప్పే బలం డ్రమ్ మీద తాడు ఒక్క వరసే ఉన్నప్పటిది, పైన వరసలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. చెట్టు పట్టీ, కప్పీ కొనకుండా వించ్ ఒక్కటే కొనకండి. మోయాబ్ లాంటి రాతి నేలకి ఎప్పుడూ తోడు బండితో వెళ్లేవాళ్లు మొదట కొనాల్సింది వెనక లాకర్. మేం కొలరాడోలో ఉంటాం, మాకు కొండలే ఎక్కువ, కాబట్టి నాకు వించ్ ముందు రావడమే సరైనది. వచ్చే ఏడాది వెనక లాకర్ వేయిస్తాను. ముందు ఇరుసు లాకర్‌కి మాత్రం డబ్బు పెట్టను.

ఇమోజీన్‌కి వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి: లేబర్ డే తర్వాతి శనివారం అదే దారిలో పరుగు పందెం ఉంటుంది, ఆ రోజు బళ్లతో వెళ్లే ప్లాన్ పెట్టుకోకండి.