వేలు మడిచి చూపే నేలపై పదమూడు రోజులు

మడగాస్కర్ దీవి రాజధాని అంటనానరివోలో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వస్తుండగా కొండవాలున ఒంటరిగా నిలిచిన రాతి కట్టడం ఒకటి కనిపించింది. అదేమిటని నేను వేలు చాచి అడిగాను. మా డ్రైవరు వెంటనే జవాబు చెప్పలేదు. ముందు తన చూపుడు వేలిని కణుపు దగ్గర మడిచి చూపించాడు. అది ఒక కుటుంబపు సమాధి అనీ, సమాధి వైపు వేలు చాచడం 'ఫాదీ' అనీ, తప్పనిసరైతే ఇలా వేలు మడిచి చూపాలనీ ఆ తరువాతే వివరించాడు. ఫాదీ అంటే పూర్వీకుల పేరిట పాటించే నిషేధం. 'అది మా ఇంటికి అచ్చిరాదు', 'మా వంశంలో ఆనవాయితీ లేదు' అని మనం చెప్పుకునే మాటలకు ఇది దగ్గరి చుట్టమే గాని, దాని కట్టుబాటు చాలా బలమైనది. ఒక ఊళ్లో పంది మాంసం ఫాదీ అయితే, మరొక ఊళ్లో వారంలో ఫలానా రోజున వరిమడిలో దిగడం ఫాదీ. మడగాస్కర్‌లో నేనూ నా భార్యా పదమూడు రోజులు తిరిగి చూసిన చోట్లనూ, దిగిన బసలనూ, పొందిన సేవలనూ ఇప్పుడు నెమరు వేసుకుంటే, ఈ కట్టుబాట్లను గౌరవించిన ప్రతిచోటా మాకు మేలే జరిగింది. వాటిని పక్కన పెట్టిన ఒక్కచోట మాత్రం మనసు చేదైంది.

హైదరాబాదు నుంచి బయలుదేరి అడిస్ అబాబా మీదుగా ఆగస్టు నెలాఖరులో చేరుకున్నాము. అక్కడ అది వానలు లేని చలికాలపు చివరి భాగం. రాజధాని సుమారు 1,280 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ఆఫ్రికా అనగానే ఎండలే అనుకుని వెళ్లేవారు స్వెట్టరు మరచిపోకూడదు. కార్డులు పెద్ద హోటళ్లలో తప్ప చెల్లవు. అక్కడి డబ్బు ఆరియారీలో అతి పెద్ద నోటు 20,000 మాత్రమే కావడం వల్ల చిన్న ఖర్చులకే నోట్ల కట్టలు లెక్కపెట్టవలసి వస్తుంది. కారునూ డ్రైవరునూ ముందుగానే మాట్లాడుకున్నాము, ఈ యాత్రలో మేము చేసిన ఖర్చుల్లో ఇదే అత్యంత సార్థకమైనది. 'టాక్సీ బ్రూస్' అనే ఉమ్మడి వ్యాన్లు చవకే గాని, అవి జనం నిండితే తప్ప కదలవు. పైగా గోతుల దారిలో పగలంతా ఇరుక్కుని కూర్చోవాలి.

రాజధానిలో మా బస కొండ మీది ఒక చిన్న కుటుంబ గృహం. గదులు సామాన్యం, వేడినీళ్లు ఒక్కొక్క పూట వచ్చేవి కావు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాము. ఇంటావిడను అందరూ 'నేనీ' అని పిలిచేవారు; అమ్మ అని అర్థం. తెల్లవారే సరికి ఆమె బొగ్గుల కుంపటి రాజేసి, గుంతలున్న పెనంలో బియ్యప్పిండి జావను పోసి 'మూఫూ గాసీ' కాల్చేది. పులియబెట్టిన పిండి, కొద్దిపాటి తీపి, అడుగున ఎర్రగా కాలిన పొర: మన గుంత పొంగనాలు ఎరిగినవారికి వేరే పరిచయం అవసరం లేదు. మధ్యాహ్నం అన్నం వార్చిన గిన్నెలో అడుగంటిన మాడుచెక్కను తీయకుండా, దానిమీదే నీళ్లు పోసి మరగించి, ఆ ఎర్రటి నీటిని భోజనంతో పాటు తాగడానికి ఇచ్చేది. దాన్ని 'రనువులా' అంటారు. వారికి భోజనం చేయడమంటే అన్నం తినడమే. ఆ పని చెప్పే మాటలోనే అన్నం ఉంది. మిగిలిన కూరలన్నీ 'లావుకా', అంటే అన్నంలోకి ఆదరువు. శాకాహారులు బెంగపడనవసరం లేదు. చిక్కుడు గింజల కూర, ఆకుకూరలు, పచ్చి మామిడి తురుముతో చేసే 'లసారీ' దాదాపు ప్రతి భోజనశాలలోనూ దొరికాయి. 'సకాయ్' అనే కారపు ముద్ద అడిగితే మా ముఖాలు చూసి సందేహించేవారు గాని, రెండవసారి అడిగాక సీసానే బల్లమీద పెట్టేవారు.

నగరానికి ఉత్తరాన ఉన్న అంబూహిమంగ రాజగిరికి ఒక రోజంతా కేటాయించమని నా సలహా. 2001లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పద్దెనిమిదవ శతాబ్దపు చివర ఈ కొండ మీది నుంచి పాలించి, ఈ నడిమి ఎత్తుభూముల ప్రజలైన మెరీనాల రాజ్యాన్ని ఏకం చేసిన రాజు ఆండ్రియానంపుయినిమెరీనా నివాసం ఒకే ఒక్క గది గల చెక్క ఇల్లు. నల్లబడిన గోడలు, మధ్యన ఆకాశాన్ని అందుకునే ఒకే స్తంభం, నేలమీద పొయ్యి రాళ్లు, వంటపాత్రలు, అంతే. రాజుగారి ఎత్తైన పడక ఈశాన్య మూలన ఉంది. ఆ మూల పూర్వీకులదట. మలగసీ, అంటే ఈ దేశపు, సంప్రదాయ గృహాలన్నిటిలోనూ ఈశాన్యమే పవిత్రమని గైడు చెప్పినప్పుడు, దేవుడి గదిని ఈశాన్యాన కట్టించుకున్న మా ఇల్లు గుర్తొచ్చి మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాము. లోపలికి కుడికాలు ముందు పెట్టి వెళ్లాలి, బయటికి వెనుకడుగులు వేస్తూ రావాలి. "సముద్రమే నా వరిచేని గట్టు" అన్న మాట ఈ రాజుగారిదే. రాజ్యాన్ని వరిచేనితో కొలిచిన ఆ మాట ఎంత నిజమో కొండ దిగువన పరచుకున్న మడులను చూస్తే తెలుస్తుంది. రాజధాని చుట్టుపక్కల కొండలన్నీ గడ్డి తప్ప మరేమీ లేక బోసిపోగా, ఈ ఒక్క కొండ మీద మాత్రం పాత అడవి మిగిలి ఉండడానికి కారణం ఇక్కడి చెట్టు కొట్టడం నిషిద్ధం కావడమే.

తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న అందాసిబేలో బస నాకు తృప్తినివ్వలేదు. తేమకు దుప్పట్లు చల్లగా అంటుకునేవి, రాత్రి కరెంటు ఉండేది కాదు. కాని అడవిలోకి తీసుకెళ్లిన స్థానిక గైడు సేవకు వంక పెట్టలేను. ఇక్కడి పార్కులలో గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ప్రవేశ రుసుము వేరు, గైడు రుసుము వేరు అని ముందే తెలుసుకుంటే గొడవ ఉండదు. ఉదయం ఏడు దాటాక ఇంద్రీల పిలుపు వినబడింది. లెమూర్లు అనే, కోతులకు దూరపు చుట్టాలైన ఇక్కడి జంతువులలో పెద్దదైన దీని గొంతు కిలోమీటర్ల దూరం పోతుంది. ఒకటి ఎత్తుకుంటే దూరపు గుంపు అందుకుంటుంది; ఆ సాగదీసిన దుఃఖపు రాగం చెట్లమీదుగా సాగిపోతుంటే మాట్లాడాలనిపించదు. స్థానికులు దీనిని 'బబాకూతూ' అంటారు, మనిషికి పూర్వీకుడిగా తలుస్తారు, అందుచేత వేటాడడం ఫాదీ. అయితే ఆ ఫాదీ ఎరుగని వారు బయటి నుంచి వచ్చి స్థిరపడిన చోట్ల వేట సాగుతోందని గైడు బాధపడ్డాడు.

ఆ అడవి అంచున నల్లగా కాలిన వాలు కనిపించింది. అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో మెట్టవరి చల్లే పద్ధతిని వారు 'తవీ' అంటారు. మన తూర్పు కనుమల పోడు వ్యవసాయం చూసినవారికి ఆ వాలు కొత్తగా అనిపించదు. 1881 నాటి మెరీనా శాసనమే అడవిని కాల్చడాన్ని నిషేధించింది, నేటికీ నిషేధమే, అయినా ఆగలేదు. ఆగకపోవడానికి సోమరితనమో అజ్ఞానమో కారణమనే యాత్రికుల మాటలు నాకు చాలా అన్యాయంగా తోస్తాయి. తాత చేసిన చోట పంట తీయడం వారికి ఆకలి తీర్చుకునే పనే కాక వంశపు మర్యాద కూడా. ఆకలికి మరొక దారి చూపకుండా చట్టం మాత్రమే చూపితే ఎవరు వింటారు?

తిరిగి రాజధాని చేరి దక్షిణానికి, ఏడవ నంబరు జాతీయ రహదారి మీదుగా సాగాము. అంట్సిరబేకి 170 కిలోమీటర్లకు మాకు ఐదు గంటలు దాటింది. ఆ ఊరు 1872లో నార్వే మిషనరీలు నెలకొల్పిన వేడినీటి బుగ్గల పట్టణం, రిక్షాలకు ప్రసిద్ధి. ఒక రాత్రి చాలు. దారి పొడవునా నాకు నచ్చినవి వరిమడులే. కోత అయిన మడిలో ఆ మట్టినే తవ్వి ఇటుకలు చేసి, అక్కడికక్కడే బట్టీ పెట్టి కాల్చి, ఆ ఎర్రటి ఇటుకలతో ఇళ్లు కడతారు. వానల ముందు మూపురపు ఎద్దులను అదే మడిలో తొక్కించి దమ్ము చేస్తారు. పక్కనే అమ్మకానికి వరుసగా నిలబెట్టిన బొగ్గుల బస్తాలు మాత్రం ప్రతి మలుపులోనూ కలవరపెట్టాయి.

అంట్సిరబే దాటాక బాకాల మోత వినిపించి డ్రైవరు కారు ఆపాడు. ఒక కుటుంబం 'ఫమదిహన' జరుపుకుంటోంది. కొన్నేళ్లకొకసారి సమాధి తెరిచి, పూర్వీకుల అస్థికలకు కొత్త పట్టువస్త్రం చుట్టి, భుజాలకెత్తుకుని ఊరేగే పండుగ. డ్రైవరు వెళ్లి అడిగి వచ్చాకే మేము దిగాము, కవరులో కొంత సొమ్ము పెద్దాయన చేతికి ఇచ్చాము, ఫొటోలు తీయలేదు. ఒక ముసలామె తన ఒడిలో ఉన్న మూటను నిమురుతూ ఏదో చెబుతోంది. గత సంవత్సరం ఇంట్లో పుట్టిన పిల్లల పేర్లు తండ్రికి వినిపిస్తోందట. ఏడాదికొకసారి తద్దినం పెట్టి పిండం కాకికి వదిలే మాకు, ఆ దగ్గరితనం మొదట జంకు పుట్టించి, తరువాత అసూయ పుట్టించింది. డబ్బు తీసుకుని ఈ వేడుకను చూపిస్తామనే ఏర్పాట్లు ఉన్నాయని విన్నాము; వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

చేదు అనుభవం ఇంకా దక్షిణాన, మేము దిగిన వాటిలోకెల్లా ఖరీదైన బసలో ఎదురైంది. పరుపులు మెత్తన, భోజనం రుచికరం, కాని వరండా స్తంభానికి నడుముకు తాడు కట్టిన లెమూర్ ఒకటి ఉంది. అతిథులు ఎత్తుకుని ఫొటోలు దిగడానికట. అడిగితే నవ్వి ఊరుకున్నారు. రెండు రాత్రులకు కట్టిన సొమ్ము వదులుకుని మరుసటి ఉదయమే ఖాళీ చేశాము.

అక్కడి నుంచి అంబలవావు దగ్గరి అంజాకు వెళ్లాము. ఈ యాత్రలో అగ్రస్థానం దానిదే. బండరాళ్ల కొండ కింద మిగిలిన చిన్న అడవిముక్కను ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి కాపాడుకుంటున్నారు. 2012లో ఆ సంఘానికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. టిక్కెట్టు సొమ్ము బడికీ, నారుమొక్కలకూ పోతుంది. గైడులు వంతులవారీగా వస్తారు, బేరాలు ఉండవు. బాట పక్కన మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు పూసి ఉంది. దాని పుట్టిల్లు ఈ దీవే, మన తురాయి చెట్టుకూ ఇదే పుట్టిల్లు. ఆ సంగతి తెలిశాక నా భార్య అక్కడి నుంచి కదలడానికి ఇష్టపడలేదు.

అంజాకు వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి. తోకకు నలుపు తెలుపు పట్టెలున్న లెమూర్లు అప్పుడు బండల మీద వరుసగా కూర్చుని, చేతులు రెండూ చాచి, పొట్టను సూర్యుడి వైపు తిప్పి చలి కాచుకుంటాయి. ఇక్కడి బెత్సిలేవు ప్రజలకు వాటిని తినడం ఫాదీ కనుక మనిషిని చూసి బెదరవు. ఎండ పుంజుకోగానే అవి ఒక్కొక్కటిగా లేచి కొండ చరియ మీదికి, రాళ్ల మధ్య పాత సమాధులున్న వైపుకి ఎగబాకాయి. మా గైడు వేలు మడిచి ఆ వైపు చూపించి, అక్కడే ఆగిపోయాడు. మేమూ ఆగాము.