ఉద్దానం పనస పలక ముందు పది అంగుళాల టేబుల్ సా

పీటలు, స్టూళ్లు, చిన్న అల్మరాలు ఇంట్లోనే చేసుకోవాలనుకునేవారికి 1800 వాట్ల పది అంగుళాల టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపం) మంచి కొనుగోలు. బాష్ జీటీఎస్ 10 జే ఈ తరగతిదే. బ్లేడు 254 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 3650 చుట్లు, నిటారు బ్లేడుతో కోత లోతు 79 మిల్లీమీటర్లు, బరువు 26 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే డాబా మీదికి ఎక్కుతుంది. మూడంగుళాల దూలాన్ని ఒక్క కోతలో చీలుస్తుంది. అయితే కొనాలా వద్దా అన్నది ఈ అంకెలు తేల్చవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దొరికే కలపకు అసలు తేల్చేది బ్లేడు వెనక నిలబడి ఉండే చిన్న ఉక్కు రేకు. దాని పేరు రివింగ్ నైఫ్.

ఎందుకో కలప నుంచే చెప్పాలి. ఇక్కడ చేతికందేది టేకు కన్నా ఎక్కువగా పనస, మామిడి, వేప, తీరం వెంట సరుగుడు. సముద్రపు గాలికి ఒక పక్కకు ఒరిగి పెరిగిన చెట్టు తనను నిలబెట్టుకోవడానికి పైవైపు కలపలో బిగువు పెంచుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అలాంటి గాలికి కూలకుండా ఒరిగి బతికిన పనస, మామిడి లాంటి చెట్టు ఏదైనా ఇంతే. చెట్టు కొట్టినా, పలక కోసినా ఆ బిగువు లోపలే ఉంటుంది. పొడవునా చీల్చే నిలువు కోత పడగానే విడుదలై, బద్దలు రెండూ విల్లులా దూరం జరుగుతాయి, లేదా కోత సందును మూసేస్తాయి. మూసేస్తే బ్లేడు వెనక భాగంలో పైకి లేచే పళ్లు చెక్కను పట్టుకుని, ఎత్తి, మనిషి మీదికి విసురుతాయి. ఈ బ్లేడు పంటి వేగం సెకనుకు దాదాపు 48 మీటర్లు, అంటే గంటకు 170 కిలోమీటర్ల పైమాటే. చెయ్యి అడ్డం పెట్టేంత సమయం ఉండదు. రివింగ్ నైఫ్ ఆ సందులో నిలబడి బద్దలు పంటిని తాకకుండా ఆపుతుంది.

ఇందులో పనస తప్పేమీ లేదు. బొబ్బిలి వీణ చేసేది ఆ కలపతోనే; బాగా ఎండితే ఎంతో నిలకడగా ఉంటుంది. ఇబ్బంది పచ్చిదనంతో. కోత మిల్లులో పలకలు వేయించాక అంగుళం మందానికి సుమారు ఏడాది లెక్కన, మధ్యలో బద్దలు పెట్టి నీడలో ఆరనివ్వాలి. చివళ్లకు పెయింటు పూస్తే పగుళ్లు తగ్గుతాయి.

దుకాణంలో మొదట నైఫ్‌నే పరీక్షించాలి. బ్లేడు ఎత్తితే నైఫ్ కూడా లేవాలి, వంచితే వంగాలి. పళ్లకూ దానికీ మధ్య దూరం 3 నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. బ్లేడు రేకు కన్నా నైఫ్ మందంగా, పళ్లు చేసే సందు కన్నా పల్చగా ఉండాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే: యంత్రంతో వచ్చిన బ్లేడు మొద్దుబారాక చవకగా దొరికిన పల్చని బ్లేడు వేస్తారు. సందు 2.2 మిల్లీమీటర్లు, నైఫ్ 2.3 అయితే చెక్క నైఫ్‌కు తగిలి ఆగిపోతుంది. అప్పుడు నైఫ్ అడ్డమని విప్పేస్తారు. మార్చాల్సింది బ్లేడు. నైఫ్ మీద దాని మందం చెక్కి ఉంటుంది. కొత్త బ్లేడు కొనేటప్పుడు ఆ అంకెనూ, మధ్య రంధ్రం కొలతనూ రాసుకుని వెళ్లాలి.

పెట్టె విప్పిన రోజే కోతకు దిగొద్దు. ప్లగ్ తీసేసి ఒక పంటికి పెన్సిలు గుర్తు పెట్టండి. బల్ల మీది గాడి నుంచి ఆ పంటికి ముందువైపు దూరం కొలిచి, బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. తేడా కాగితం మందం దాటకూడదు. తర్వాత ఫెన్స్, అంటే చెక్కను ఆనించి నడిపే పక్క పట్టీ: అదీ గాడికి సమాంతరంగా ఉండాలి. వెనకవైపు కాగితమంత తెరుచుకుని ఉన్నా పరవాలేదు గాని, మూసుకుని మాత్రం ఉండకూడదు. మూసుకుంటే కలప ఎంత బుద్ధిమంతురాలైనా వెనక పళ్లలోకే తోసుకుపోతుంది. ఈ తరగతి యంత్రాల్లో ఫెన్స్ బిగించేటప్పుడు తోక కాస్త పక్కకు జరగడం మామూలు. అందుకే మొదటి కొన్ని వారాలు బిగించిన ప్రతిసారీ ముందూ వెనకా టేపుతో కొలవడం మంచిది. మూలమట్టం సరిచూడ్డానికి తేలికదారి ఉంది: మందపాటి ముక్కను అడ్డంగా కోసి, ఒక సగాన్ని తిరగేసి కోసిన అంచులు రెండూ కలపాలి. మందం వైపు నుంచి చూసినప్పుడు సందు కనిపిస్తే అందులో సగం బ్లేడు వాలు.

నేర్చుకోవడం ఎండిన మామిడి పలకతో మొదలుపెట్టాలి. ముప్పావంగుళం మందం, రెండడుగుల పొడవు, ఒక అంచు తిన్నగా చిత్రిక పట్టినది. చెక్క పైన బ్లేడు రెండు నూళ్లు, అంటే పావంగుళం కనిపించాలి. మనిషి బ్లేడుకు సూటిగా కాకుండా కాస్త ఎడమకు నిలబడాలి. ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్యనున్న బద్దనే తొయ్యాలి, అదీ నైఫ్ దాటేవరకు. మధ్యలో వదిలేస్తే ఆ బద్దే వెనక్కి వస్తుంది. ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య సందు ఆరంగుళాల కన్నా తక్కువైతే చెయ్యి కాదు, తోపుడు కర్ర. మూడంగుళాల లోపైతే కింద మడమ ఉన్న తోపుడు దిమ్మ కావాలి. అరంగుళం ప్లైవుడ్‌తో అరగంటలో చేసుకోవచ్చు. అడ్డ కోతకు వాలు గేజీ (బల్ల గాడిలో జరుగుతూ ముక్కను తోసే పట్టీ) వాడేటప్పుడు ఫెన్స్‌ను పక్కకు జరపాలి. రెండూ కలిసి ముక్కను పట్టుకుంటే తెగిన తునక బ్లేడుకూ ఫెన్స్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. చేతి తొడుగులు, మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు యంత్రం దగ్గర వద్దే వద్దు. రక్షణ కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

మిల్లు నుంచి వచ్చిన వంకర అంచు పలకను అలాగే ఫెన్స్‌కు ఆనించకూడదు. తిన్నని ప్లైవుడ్ బద్ద మీద పలకను స్క్రూలతో బిగించి, ప్లైవుడ్ అంచును ఫెన్స్ వెంట నడిపితే మొదటి తిన్నని అంచు వస్తుంది. స్క్రూలు కోత దారిలో పడకుండా చూసుకోవాలి. పాత ఇంటి దూలాలైతే ముందు అయస్కాంతం తిప్పి మేకులు ఏరాలి. ఒక్క మేకు చాలు, కార్బైడ్ పళ్లు రాలిపోవడానికి.

యంత్రంతో వచ్చే బ్లేడు ఒక్కటే అన్నిటికీ సరిపోదు. నిలువు కోతకు 24 పళ్లు, అడ్డ కోతకూ ప్లైవుడ్‌కూ 60 పళ్లు. ఎక్కువ పళ్ల బ్లేడుతో రెండంగుళాల పనసను నిలువుగా చీలిస్తే పొట్టు బయటికి పోక అంచు నల్లగా కాలుతుంది, మోటారు మూలుగుతుంది. పనస జిగురు పళ్లకు అంటుకుంటే కొత్త బ్లేడు కూడా మొద్దుబారినట్టే ఉంటుంది. బ్లేడు విప్పి కిరోసిన్‌లో కాసేపు నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో తోమి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే బిగించాలి.

కరెంటు సంగతి పల్లెల్లో మరీ ముఖ్యం. 230 వోల్టుల దగ్గర 1800 వాట్లంటే సుమారు 8 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. 6 ఆంపియర్ల సాకెట్ చాలదు. 16 ఆంపియర్ల పాయింటు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సరైన ఎర్తింగు ఉండాలి. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో మందం కోతలు పగలే పెట్టుకోవాలి. కొనేముందు మరో పరీక్ష: బ్లేడు పూర్తిగా దింపి, దూరంగా నిలబడి, స్విచ్ వేసి ఉండగానే ప్లగ్ పీకి మళ్లీ పెట్టించండి. యంత్రం దానంతట అది తిరగకూడదు. తిరిగిందంటే కోత మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడూ తిరుగుతుంది. అలాంటిది ఎంత చవకైనా తేవద్దు.

లేత్ షాపుల్లో ఇనుప చట్రానికి ఇండక్షన్ మోటారు, బెల్టు బిగించి చేసే రంపాలూ ఉన్నాయి. చప్పుడు తక్కువ, దమ్ము ఎక్కువ, రోజంతా తిరుగుతాయి. పని తెలిసిన వడ్రంగికి అవి పనికొస్తాయి. మామూలుగా వాటికి నైఫ్ గానీ, బ్లేడును కప్పే గార్డు గానీ ఉండవు గనుక నేర్చుకునేవారికి సిఫారసు చేయలేం.

ఈ చిన్న బల్ల మీద ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటును తిప్పాలని చూడొద్దు. బరువుకు యంత్రమే ఒరుగుతుంది. చేతి సర్క్యులర్ సాతో ముందు రెండడుగుల ముక్కలు చేసుకుని తర్వాత దీని మీద కొలతకు తేవాలి.

అల్యూమినియం బల్లకు తుప్పు పట్టదు గాని, సోంపేట, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి కింద బ్లేడును ఎత్తే స్క్రూ, నట్లు తుప్పు పడతాయి. అక్కడ గ్రీజు పూయకండి. పొట్టు అంటుకుని ముద్దయి, హ్యాండిల్ తిరగడం మానేస్తుంది. నెలకోసారి బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు.