చీనీ తోటలో ఆర్డుయినో ఊనో: ఇంటర్ నుంచి వాడుతున్నదాని మాట

ముందు నా గురించి. అనంతపురంలో బీటెక్ మొదటి సంవత్సరం, ఈసీఈ. మాది తాడిపత్రి వైపు పల్లె, నాయనకు చీనీ (బత్తాయి) తోట ఉంది. సోల్డరింగ్ అన్నా, పాడైన రేడియోలు విప్పడమన్నా నాకు పిచ్చి. క్రికెట్ చూస్తాను, ఆడను. అందరూ సీఎస్ఈ తీసుకోమన్నా కౌన్సెలింగ్‌లో ఈసీఈకే పట్టుబట్టానంటే ఇంటర్‌లో కొన్న ఆర్డుయినో ఊనోనే కారణం. సెన్సర్లు తగిలించి, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు అది; నేను తోటలో మట్టి తేమ చూడ్డానికి వాడాను.

నాది ఒరిజినల్ కాదు, క్లోన్. 2005లో ఇటలీలో ఆర్డుయినో మొదలైనప్పటి నుంచీ డిజైన్ అందరికీ తెరిచే ఉంచారు కాబట్టి ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు, వాళ్ళ పేరూ లోగో మాత్రం వాడకూడదు. ధర చాలా తక్కువ. ఒకటే చికాకు: కొన్ని పాత కంప్యూటర్లలో సీహెచ్340 డ్రైవర్ (క్లోన్‌లోని యూఎస్‌బీ చిప్‌కు కావాల్సిన సాఫ్ట్‌వేర్) వేస్తే తప్ప పోర్టు కనపడదు.

బోర్డుకు వంక పెట్టలేను. ఎండాకాలమంతా తోటలో స్టార్టర్ పెట్టె పక్కన దుమ్ములో పడి ఉన్నా పనిచేసింది. సాకెట్‌లో చిప్ గుచ్చి ఉండే రకమే తీసుకోండి. చిప్ కాలితే అదొక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

చెడిపోయేవన్నీ దాని చుట్టూ ఉండేవే. మట్టిలో తేమ చూసే చౌక సెన్సర్ ఉంటుంది కదా, ఫోర్కులా రెండు కాళ్ళతో. డ్రిప్పర్ దగ్గర గుచ్చి ఎప్పుడూ కరెంటు ఇస్తూ పోతే కొన్ని వారాల్లోనే ఒక కాలు పూత ఊడి, కింద రాగి పచ్చగా మారి అరిగిపోతుంది. రెండో కాలు మాత్రం దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. కరెంటు ఒకే వైపు పారుతుంది కాబట్టి తడి మట్టిలో ప్లస్ వైపు లోహమే కరిగిపోతుంది. ఇక రీడింగులు నమ్మలేం: మట్టి తడిగానే ఉన్నా ఎండిందని చెప్తుంది. సెన్సర్ పవర్ తీగను బోర్డులో ప్రోగ్రాంతో ఆన్, ఆఫ్ చేయగల ఒక డిజిటల్ పిన్‌కు కలిపి, చదివే క్షణంలో మాత్రమే ఆన్ చేస్తే ఎక్కువ రోజులు వస్తుంది. ఇంకా మేలైనది కెపాసిటివ్ రకం. దాని లోహం మట్టికి తగలదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి.

నాయన ఇదంతా చూసి, "మట్టి చేత్తో పిసికితే తెల్సేదానికి ఇంత వైరింగ్ ఎందుకు పాపా" అన్నాడు. పై మట్టి వరకు ఆయన చెయ్యే కరెక్ట్, ఒప్పుకుంటా. జానెడు లోతు సంగతి మాత్రం సెన్సరే చెప్పాలి.

పవర్ విషయంలో: చదరపు 9 వోల్టుల బ్యాటరీ దండగ, ఎక్కువైన వోల్టేజీ అంతా బోర్డు మీది రెగ్యులేటర్‌లో వేడిగా పోతుంది. పవర్ బ్యాంక్ పెడితే, బోర్డు తాగే కరెంటు మరీ తక్కువ కావడంతో చాలా రకాలు వాటంతట అవే ఆగిపోతాయి. పాత ఫోన్ ఛార్జరే నయం. చిన్న రిలేతో (బోర్డు ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మోటార్ నడపాలని మాత్రం చూడకండి. త్రీఫేజ్ స్టార్టర్ జోలికి మనలాంటి వాళ్ళం పోకూడదు.

చదువుకు ఉపయోగమా అంటే, సీ ల్యాబ్‌లో నాకు టెన్షన్ లేకపోవడానికి ఇదే కారణం. ర్యామ్ 2 కేబీ అంతే, అందుకే ప్రతి బైటూ లెక్క చూసుకోవడం అలవాటైంది. ల్యాబ్ కంప్యూటర్‌లో ఇంట్ (సీలో పూర్ణాంకాలు దాచే రకం) 4 బైట్లు, ఇందులో 2. సెకన్లను ఇంట్‌లో లెక్కపెడితే 32,767 దాటగానే మైనస్‌లోకి పోతుంది, అంటే తొమ్మిది గంటలు దాటిన కాసేపటికే. మైనస్ లేని పెద్ద సంఖ్యలు దాచే అన్‌సైన్డ్ లాంగ్ వాడండి.

లోటు ఒకటే, వైఫై లేదు. రీడింగులు ఫోన్‌కు రావాలంటే వైఫై ఉన్న ఇలాంటి బోర్డే, ఈఎస్‌పీ32 తీసుకోండి, దాని పిన్లు 3.3 వోల్టులవని గుర్తుంచుకోండి. నేను హాస్టల్‌కు వచ్చాక తోటలో రీడింగ్ చూసేవాళ్ళు లేరు కాబట్టి నా తర్వాతి కొనుగోలు అదే. ఊనో మాత్రం ఎవరికీ ఇవ్వను, రూమ్మేట్ రెండుసార్లు అడిగింది.